వార్ధక్యమున రక్తకణ వంశములు: పరిసరవాదముపై ఒక విమర్శ

మనుష్యుని శరీరములో ప్రతి సెకనుకు సుమారు 20 లక్షల ఎర్ర రక్తకణములు కొత్తగా పుట్టుచున్నవి. ఒక్కొక్క కణము నాలుగు నెలలు పనిచేసి నశించును. ఆ స్థానమునకు మరియొకటి వచ్చును. తెల్లకణములలో కొన్నింటి ఆయువు గంటలలో లెక్కింపదగినది. ఎడతెగని ఈ వ్యాపారమునకు ఎముకల మూలుగలో దాగియున్న మూలకణములే పెట్టుబడి. 1961లో కెనడా దేశపు టొరాంటో నగరమున జేమ్స్ టిల్, అర్నెస్ట్ మెకల్లక్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు తీవ్రమైన వికిరణమునకు గురిచేసిన ఎలుకలకు ఆరోగ్యముగా నున్న ఎలుకల మూలుగను ఎక్కించిరి. పదిదినముల పిమ్మట వాటి ప్లీహముపై చిన్న చిన్న బొడిపెలు లేచినవి. ఒక్కొక్క బొడిపె ఒక్కొక్క కణముయొక్క సంతానమే యని 1963లో ఆండ్రూ బెకర్‌తో కలిసి వారు నిరూపించిరి. ఒక కణమునుండి ఒక వంశము. రక్తమూలకణములను గూర్చిన నేటి చర్చ యంతయు ఆ ఎలుక ప్లీహముపైని బొడిపెలనుండి మొదలైనదే.

ఈ వంశములన్నియు సమానముగా వృద్ధిచెందునా? కాదని 2014లో వెలువడిన మూడు పరిశోధనలు చూపినవి. వానిలో ఒకదానియందు 17,182 మంది రక్తమును పరీక్షించిరి. నలుబది ఏండ్లలోపు వారిలో మిగుల అరుదైన ఒక విశేషము, డెబ్బది దాటినవారిలో సుమారు పదిమందికి ఒకరిలోను, తొంబది దాటినవారిలో నూటికి 18 మందిలోను కన్పించెను. వీరు రక్తవ్యాధిగ్రస్తులు కారు. కాని వీరి రక్తకణములలో గణనీయమైన భాగము, ఉత్పరివర్తనము చెందిన ఒకే మూలకణముయొక్క సంతతి. డి.ఎన్.ఎం.టి.3ఏ, టెట్2, ఏ.ఎస్.ఎక్స్.ఎల్.1 అను మూడు జన్యువులలోనే ఈ మార్పు లెక్కువ. అట్టివారికి రక్తపు క్యాన్సరు వచ్చు అవకాశము ఇతరులకన్న పదకొండు రెట్లు. అయినను ఏటికి నూటికి ఒకరికి మించి రాదు. విచిత్ర మేమనగా, వీరికి గుండెజబ్బు వచ్చు అవకాశము కూడ రెట్టింపుగా నుండెను.

ఇట్టి వంశములు ముసలితనముననే ఏల తలయెత్తును? అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయ ఆచార్యుడు జేమ్స్ డీగ్రెగొరీ ఈ ప్రశ్నకు ఒక సమాధానమును చాలకాలముగా ప్రచారము చేయుచున్నారు. 2018లో హార్వర్డ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయము ప్రకటించిన 'అడాప్టివ్ ఆంకోజెనిసిస్' అను గ్రంథమున దానిని సమగ్రముగా వివరించిరి. గ్రంథము సకల క్యాన్సర్లను గూర్చినది. అయినను ఆయన ప్రయోగశాలలో జరిగిన పని ముఖ్యముగా రక్తమునకు సంబంధించినది గనుక, ఈ వాదమును రక్తమునందే పరీక్షించుట న్యాయము.

ముందుగా ఆయన ఎవరితో తగవు పడుచున్నారో తెలియవలెను. 1954లో ఇంగ్లండులో పీటర్ ఆర్మిటేజ్, రిచర్డ్ డాల్ అనువారు మరణముల పట్టికలను పరిశీలించి, అనేక క్యాన్సర్లవలని మరణములు వయస్సుయొక్క ఆరవ ఘాతము ననుసరించి పెరుగుచున్నవని చెప్పిరి. నలుబదవ ఏట నున్న ప్రమాదము ఎనుబదవ ఏటికి రెండింతలు కాదు, రెండుయొక్క ఆరవ ఘాతము, అనగా 64 రెట్లు అగును. ఒకే కణములో ఆరేడు మార్పులు ఒకదాని వెనుక నొకటి జరిగినచో లెక్క సరిగా ఇట్లే వచ్చును. కావున వయస్సుతో ఉత్పరివర్తనములు పోగుపడును, తగినన్ని పోగుపడగనే క్యాన్సరు వచ్చును అను వివరణ పాఠ్యపుస్తకములలో స్థిరపడినది. పాఠము చెప్పుటకు సులువు. పరీక్షలో వ్రాయుటకు మరింత సులువు.

డీగ్రెగొరీ దీనిని అంగీకరింపరు. ఉత్పరివర్తనము కలిగినంతమాత్రమున కణమునకు బలము రాదు. ఆ మార్పు మేలో కీడో నిర్ణయించునది అది నివసించు పరిసరము అని ఆయన మతము. యౌవనమున మూలుగ ఆరోగ్యముగా నుండును. అందలి సహజకణములు ఆ పరిసరమునకు చక్కగా అమరియున్నవి. కొత్తగా మారిన కణము వాటితో పోటీపడి నెగ్గజాలదు. ముసలితనమున మూలుగలో క్రొవ్వు పెరుగును, శోథను కలిగించు పదార్థము లెక్కువగును, సహజకణములు నీరసించును. అప్పుడు అంతవరకు పనికిమాలినదిగా నున్న మార్పు పనికివచ్చునదగును. వరిచేనిలో ఊద కలుపు సంగతి రైతు లెరిగినదే. పైరు దట్టముగా పెరిగి నీరు నిలిచియున్నంతకాలము ఊద గింజ మడిలో నున్నను లేనట్లే. పైరు పలుచబడి మడి ఎండినప్పుడు అదే తలయెత్తును. గింజ కొత్తగా వచ్చినది కాదు, మడి మారినది.

ఈ వాదములోని గొప్ప గుణము, పుట్టించుట, ఏరుకొనుట అను రెండు పనులను వేరుచేయుట. పొగ త్రాగినందున, మందులు వాడినందున, శోథవలన 'జన్యువు మారినది' అని విద్యార్థులు తరచుగా వ్రాయుదురు. కొన్ని సందర్భములలో అది నిజమే, పొగాకుపొగ డి.ఎన్.ఏ.ను చెరుపును. కాని అనేక సందర్భములలో ఒత్తిడి మార్పును కలిగింపదు, అంతకుముందే యున్న మార్పును ఎన్నుకొనును. సాల్వడార్ లూరియా, మాక్స్ డెల్‌బ్రుక్ 1943లో బాక్టీరియాల విషయమున దీనినే నిరూపించిరి: వైరసును తట్టుకొను బాక్టీరియములు వైరసు రాకమునుపే పుట్టియుండెను. ఆంధ్రదేశపు పత్తిరైతులకు ఇది మిగుల బాధాకరముగా అనుభవమునకు వచ్చిన విషయము. 1987లో శనగపచ్చ పురుగు పైరిథ్రాయిడ్ మందులకు లొంగలేదు. మందు ఆ పురుగులకు నిరోధశక్తి నేర్పలేదు. లొంగు పురుగులను చంపి, లొంగనివాటికి చేను అప్పగించినది.

రక్తములో దీనికి సరియైన ఉదాహరణము పి.పి.ఎం.1డి అను జన్యువు. సిస్‌ప్లాటిన్ వంటి క్యాన్సరు మందులు కణముల డి.ఎన్.ఏ.ను దెబ్బతీయును. దెబ్బతిన్న కణమును ఆత్మనాశనమునకు పురికొల్పునది పి-53 అను ప్రొటీను. పి.పి.ఎం.1డిలో ఒక విధమైన మార్పు గల కణములలో ఆ హెచ్చరిక మందగించును. కావున మందు వాడినప్పుడు తక్కిన కణములు చచ్చును, ఇవి మిగులును. మందు లేని ఎలుకలలో వీటికి చెప్పుకోదగిన ఆధిక్యము లేదని, మందిచ్చిన ఎలుకలలో ఇవి విజృంభించినవని 2018లో చూపిరి. పి-53 జన్యువులోనే మార్పుగల కణముల సంగతియు ఇంతే. క్యాన్సరు చికిత్స పొందిన కొన్నేండ్లకు ల్యూకీమియా వచ్చినవారిలో కొందరి పాత రక్తనమూనాలను 2015లో వెదకగా, ఆ మార్పు చికిత్సకు ముందే అతిస్వల్ప పరిమాణములో నున్నట్లు తేలెను. 2020లో వేలకొలది క్యాన్సరు రోగుల రక్తమును పోల్చి చూచినప్పుడు ఈ చిత్రము మరింత స్పష్టమైనది: వికిరణ చికిత్స, ప్లాటినము మందులు పొందినవారిలో పి-53, పి.పి.ఎం.1డి వంశములు, పొగ త్రాగువారిలో ఏ.ఎస్.ఎక్స్.ఎల్.1 వంశములు. ఒక్కొక్క ఒత్తిడి ఒక్కొక్క వంశమును ఎన్నుకొనుచున్నది. ఇచ్చట పరిసరవాదము సంపూర్ణముగా నెగ్గినదని ఒప్పుకొనక తప్పదు.

అంటువ్యాధుల విషయములో సాక్ష్యము ప్రధానముగా ఎలుకలది. టెట్2 జన్యువు లోపించిన ఎలుకలను సూక్ష్మజీవులు లేని పంజరములలో పెంచినచో వాటికి రావలసిన రక్తవికారము రాలేదు. వికారము వచ్చినవాటికి యాంటీబయోటిక్ మందులిచ్చినచో అది తగ్గెను. ఇది 2018 నాటి ఫలితము. 2021లో డి.ఎన్.ఎం.టి.3ఏ లోపించిన మూలకణములను పరిశీలించిరి. క్షయ సూక్ష్మజీవికి దాయాదియైన మైకోబాక్టీరియం ఏవియంతో ఎలుకలకు దీర్ఘకాలము అంటువ్యాధి కల్పించగా ఆ కణములు విస్తరించినవి. శరీరము అంటువ్యాధిపై పంపు ఇంటర్‌ఫెరాన్-గామా సందేశమునకు సహజ మూలకణములు విభజన చెంది, పరిణతి పొంది, కరగిపోవును. మారిన కణములు ఆ పిలుపునకు అంతగా చలింపక మూలకణములుగనే నిలిచియుండును. ఊరంతయు యుద్ధమునకు పోగా ఇంటిపట్టున నున్నవాడు పొలము కలుపుకొన్నట్లు! డీగ్రెగొరీ సహచరులే 2015లో ప్రకటించిన మరియొక ప్రయోగములో, ముసలి ఎలుకలలో శోథ తగ్గునట్లు చేసినప్పుడు, క్యాన్సరు జన్యువు గల బి-కణ వంశములకు వార్ధక్యమున లభించు ఆధిక్యము తగ్గిపోయెను.

ఇంతవరకు వాదము బలమైనది. ఇక బలహీనత చూడవలెను.

మొదటిది ఉత్పరివర్తనముల లెక్క. ఎదుగుదల ఆగులోపలనే ఉత్పరివర్తనములలో పెద్ద భాగము కలిగి పోవును, క్యాన్సరు మాత్రము ఎన్నియో ఏండ్లకు గాని రాదు, కావున మార్పుల సంఖ్య అసలు కారణము కాజాలదు అని ఈ పక్షమువారు తరచుగా తర్కింతురు. గ్రంథము వెలువడునాటికి మనుష్యుని మూలకణములను ఒక్కొక్కదానిగా తీసి చదువుట ఇంకను పెద్దయెత్తున జరుగలేదు. 2022లో కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞులు అప్పుడే పుట్టిన శిశువు మొదలు 81 ఏండ్ల వృద్ధుని వరకు పదిమంది రక్తమూలకణములను 3,579 తీసి, వాటి డి.ఎన్.ఏ. యంతయు చదివిరి. ఏటికి సుమారు 17 చొప్పున మార్పులు, యౌవనమున గాని వార్ధక్యమున గాని తేడా లేక, సరళరేఖలో పెరుగుచున్నవి. ఇరువదవ ఏట నున్నవి ఎనుబదవ ఏట నుండు మార్పులలో మూడవ వంతుకు మించవు. రక్తమునకు సంబంధించినంతవరకు 'పెద్ద భాగము ముందే కలుగును' అను మెట్టు విరిగినది. 2018లో వ్రాసినవారిని 2022 నాటి సంగతి తెలియలేదని నిందించుట అన్యాయము. కాని ఆ మెట్టుపై నిలిచిన తర్కమును నేటికిని యథాతథముగా ఎత్తి వ్రాయువారికి ఈ మినహాయింపు వర్తింపదు.

రెండవది ఇంకను ముఖ్యమైనది. దానికి ప్రయోగశాల అక్కరలేదు. చక్రవడ్డీ లెక్క తెలిసిన తొమ్మిదవ తరగతి విద్యార్థి చాలును. రక్తము నందించు మూలకణములు ఒక లక్ష యనుకొనవచ్చును. పదవ ఏట ఒక కణము మారినదనియు, దాని సంతతి ఏటికి నూటికి 15 చొప్పున పెరుగుచున్నదనియు అనుకొనుడు. ముప్పది ఏండ్ల తరువాత, అనగా నలుబదవ ఏట, ఆ వంశములోని కణములు 66 మాత్రమే. లక్షలో అరువదియారు ఎవరికి కన్పించును? సాధారణ పరీక్షకు చిక్కవలెనన్న వంశము నూటికి నాలుగు కణముల వంతుకు, అనగా 4,000కు, చేరవలెను. అందుకు మొత్తము 59 ఏండ్లు పట్టును. ఆ మనుష్యుని వయస్సు అప్పటికి 69. వృద్ధిరేటు 20 అయినచో 45 ఏండ్లకు పైగా చాలును. 10 అయినచో 87 ఏండ్లు కావలెను. ఈ లెక్కలో పరిసరము ఇసుమంతయు మారలేదు. మూలుగ ముదియలేదు, శోథ రాలేదు. అయినను వంశము ముసలితనముననే బయటపడినది! 'వార్ధక్యమున కన్పించినది గనుక వార్ధక్యమే పెంచినది' అను తర్కములోని లోపము ఇదియే. అప్పు ఆలస్యముగా భారమైనదన్నచో వడ్డీరేటు మధ్యలో మారినదని అర్థము కాదు.

ఈ లెక్క ఊహ కాదనుటకు సాక్ష్యము కలదు. జాక్2 అను జన్యువులోని మార్పువలన రక్తకణములు అతిగా పెరుగు వ్యాధి మధ్యవయస్సునకు పైబడినవారికి వచ్చును. 2022లో రోగుల కణముల వంశవృక్షమును వెనుకకు గీయగా, ఆ మార్పు వారు తల్లిగర్భమున నుండగనో బాల్యముననో కలిగినట్లు తెలిసెను. మార్పునకు, వ్యాధి నిర్ణయమునకు నడుమ సగటున మూడు దశాబ్దములు గడచినవి. అదే యేట మరియొక పరిశోధనలో 55 ఏండ్లు దాటిన 385 మంది రక్తమును సుమారు పదమూడేండ్లపాటు పలుమారులు పరీక్షించిరి. కన్పించిన 697 వంశములలో పదింట తొమ్మిదికి పైగా నిలకడయైన రేటుతోనే పెరిగినవి. ఈ పదమూడేండ్లలో వారికి జ్వరములు వచ్చియుండవా, ఆహారము మారియుండదా, దుఃఖములు కలిగియుండవా? వంశములు వాటిని పెద్దగా లెక్కచేయనట్లే తోచుచున్నది.

అంతకన్న ఇబ్బందియైన సంగతి డి.ఎన్.ఎం.టి.3ఏది. వృద్ధులలో ఎక్కువగా కన్పించు వంశము ఇదియే. వృద్ధులలో దాని వృద్ధిరేటు ఏటికి సగటున నూటికి అయిదు మాత్రమే. ఒక కణము ఆ రేటున 4,000 కావలెనన్న 170 ఏండ్లు పట్టును. అంతకాలము బ్రతికినవారు లేరు. కావున ఈ వంశములు యౌవనమున ఇంకను వేగముగా పెరిగి, ముసలితనమున మందగించియుండవలెను. పరిశోధకులు కూడ ఈ నిర్ణయమునకే వచ్చిరి. యౌవనపు మూలుగ మారిన కణమును అణచును, ముదిసిన మూలుగ దానిని పెంచును అను సిద్ధాంతమునకు ఇది సరిగా తలక్రిందులు.

ఐతే సిద్ధాంతము పూర్తిగా ఓడినదా? అదియు లేదు. ఆ పరిశోధనయందే యు2ఏఎఫ్1, ఎస్.ఆర్.ఎస్.ఎఫ్.2 అను జన్యువులలో మార్పుగల వంశములు జీవితపు చివరి భాగమున మాత్రమే తలయెత్తి, అతివేగముగా పెరుగుట కన్పించినది. ముదిసిన మడిలోనే మొలచు కలుపు ఇదియే. ఒకే జన్యువులో ఒకే మార్పు గలిగిన వంశములు ఇరువురు మనుష్యులలో వేర్వేరు వేగములతో పెరుగుటయు కన్పించెను. జన్యువు చెప్పజాలని ఆ మిగులునకు పరిసరము కారణము కావచ్చును. కావున 'పరిసరము ఎన్నుకొనును' అనునది కొన్ని జన్యువులకు నిజము, కొన్నింటికి పాక్షికము, డి.ఎన్.ఎం.టి.3ఏకు వార్ధక్యము విషయమున విరుద్ధము. ఇన్ని భిన్నగతులను ఒకే సూత్రమున గ్రుచ్చబోవుట గ్రంథములోని ప్రధానలోపము.

దీనికి ఒక మూలము 'పరిసరము' అను మాటను మితిమీరి సాగదీయుట. సిస్‌ప్లాటిన్ పరిసరము, క్షయజాతి సూక్ష్మజీవి పరిసరము, క్రొవ్వు పరిసరము, ముదిమి పరిసరము. చివరకు ఇరుగుపొరుగు కణవంశములు కూడ పరిసరమే. ఈ కడపటిది నిజముగా ఆలోచింపదగినది. కేంబ్రిడ్జివారు చూచిన వృద్ధులలో, 75 ఏండ్లు దాటినవారి రక్తములో నూటికి 30 నుండి 60 వంతులు పండ్రెండు మొదలు పదునెనిమిది వంశములవే. యౌవనమున వేలకొలది వంశములు పంచుకొన్న మూలుగ కొద్దిమంది మోతుబరుల పాలైనట్లు. అట్టిచోట డి.ఎన్.ఎం.టి.3ఏ వంశము మందగించుటకు ముదిమి కాక, అంతకన్న బలమైన పొరుగువారి పోటీయే కారణము కావచ్చును. ఏది జరిగినను 'పరిసరమే' అని చెప్పగల సిద్ధాంతము ఎన్నటికిని తప్పిపోదు; తప్పిపోవుటకు వీలులేని సిద్ధాంతమునకు శాస్త్రమున విలువ తక్కువ.

పరిణామదృష్టితో చేసిన వివరణ గ్రంథములో ఎక్కువ నమ్మదగిన భాగము. సంతానము కని పెంచు వయస్సు దాటిన పిదప శరీరమును చక్కగా నిలుపుటకు ప్రకృతి వరణము అంతగా శ్రద్ధ వహింపదని పీటర్ మెడావర్ 1952లోనే ప్రకటించిరి. మూలుగ సుస్థితి కూడ అంతవరకే కాపాడబడునని డీగ్రెగొరీ దానిని విస్తరించిరి. ఎలుకకు రెండు మూడేండ్లు, మనుష్యునకు ఎనుబదేండ్లు ఆయువు గనుక, ఇరువురికిని క్యాన్సరు వారివారి ముసలితనముననే ఏల వచ్చుచున్నదన్న ప్రశ్నకు ఈ సమాధానము తృప్తికరముగా నున్నది. కేవలము చక్రవడ్డీ లెక్క దీనికి బదులు చెప్పజాలదు. ఆ మాటయు ఇచ్చట చెప్పవలసినదే.

ఈ తగవు పండితుల వినోదమునకై జరుగుచున్నది కాదు. రక్తములో మారిన వంశమున్నదని పరీక్షలో తేలిన అరువదియేండ్ల మనుష్యునికి వైద్యుడు ఏమి చెప్పవలెను? పరిసరమే కారణమైనచో శోథను తగ్గించు మందు పనిచేయవలెను, అంటువ్యాధులను అరికట్టిన మేలు కలుగవలెను. వృద్ధిరేటు కణములోనే నిర్ణయమై యున్నచో ఆ మందులవలన ఫలము కొద్ది. పైగా 'నీ జీవనవిధానమువలననే ఇట్లైనది' అని చెప్పుట ఆ మనుష్యునిపై అన్యాయపు నింద.

గుండెజబ్బు విషయములో ఈ చిక్కు మరింత బిగిసినది. 2017లో టెట్2 లోపించిన రక్తకణములు ఎలుకల ధమనులలో క్రొవ్వుపూతను పెంచునని చూపిరి. అనగా వంశము ముందు, జబ్బు తరువాత. 2021లో మరికొందరు దీనిని త్రిప్పి చూపిరి: ధమనులు పూడిపోయిన ఎలుకలలోను మనుష్యులలోను మూలకణములు వేగముగా విభజన చెందును, ఆ వేగము మారిన వంశములను త్వరగా ముందుకు తెచ్చును. అనగా జబ్బు ముందు, వంశము తరువాత. పరిసరవాదులకు ఈ ఫలితము ప్రియమైనది. కాని స్పెయిన్ దేశమున ఆరోగ్యముగా నున్న మధ్యవయస్కులను ఏండ్లతరబడి గమనించి 2024లో ప్రకటించిన పరిశోధనలో, వంశమున్నవారి ధమనులలో క్రొవ్వుపూత తరువాత ఏర్పడుట కన్పించెనే గాని, క్రొవ్వుపూత యున్నవారిలో వంశములు వేగముగా పెరుగుట కన్పింపలేదు. ఎలుకలో చూచినది మనుష్యునిలో చూడవలెనన్న ఒకసారి తీసిన రక్తము చాలదు. ఒకే మనుష్యుని రక్తమును, ఒకే మనుష్యుని ధమనులను మరల మరల చూడవలెను. స్పెయిన్‌వారు చేసినది అదే. అంటువ్యాధుల విషయమున అట్టి పని ఇంకను జరుగవలసియున్నది. శుభ్రమైన పంజరములలో, ఒకే మేతపై, ఒకే వంశమునకు చెందిన ఎలుకలలో చూచిన ఇంటర్‌ఫెరాన్ కథ, జీవితమంతయు పలు జ్వరములకు గురియగు మనుష్యుని మూలుగలో ఎంతవరకు నిలుచునో అప్పుడు గాని తేలదు.